మోకాళ్ల కింద ఎర్రజెండా

వానను తన గుప్పిట్లో ఉంచుకున్నవాడు, వాన లేని నేల మీద కూడా మనుషులను, జీవాలను బతికిస్తున్నవాడు, మనం నోరు తెరవకముందే లోపలి మాట విన్నవాడు అయిన దేవునికి స్తోత్రం. ఆయన మహిమకు స్తోత్రం, అంతకన్నా ఎక్కువగా ఆయన ఓర్పుకు స్తోత్రం. ఆ ఓర్పే లేకపోతే ఈ చెయ్యి ఈ కాగితం మీద కదిలేది కాదు.

మాది కదిరి దగ్గర ఒక పల్లె. చాలా ఏళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చాను. వచ్చాక మా సంఘంలో నన్ను పెద్దల్లో ఒకడిగా నిలబెట్టారు. పాస్టరుగారు ఊళ్లో లేని ఆదివారాల్లో వాక్యం నేనే చెప్పేవాణ్ని. ఇప్పుడు రాయబోయేది సైన్యంలో ఉన్నప్పుడు ఒక్క రోజు జరిగిన సంగతి. దీన్ని నేను ఒకసారి మా సంఘంలో సాక్ష్యంగా చెప్పాను. అప్పుడు చెప్పింది అబద్ధం.

ఆ ఏడాది మా దళం ఫైరింగ్ ప్రాక్టీసుకు మా జిల్లాకే వచ్చింది. సోమందేపల్లె వైపు హైవే వదిలి చాలా దూరం లోపలికి పోతే ఒక బోడికొండ. దాని ముందు వేరుశనగ కూడా వేయడం మానేసిన బీడు. అక్కడ గుడారాలు వేశాం. నాకప్పుడు చిన్న ర్యాంకే, నాయక్‌ని. నాతో ఉండే శ్రీకాకుళం సిపాయి ఒకడు నన్ను మొదటినుంచీ పాస్టరుగారూ అనే పిలిచేవాడు, ఎగతాళికి. లారీ దిగి చుట్టూ చూసి, మీ జిల్లాకి నీళ్లు పోయడం దేవుడు మర్చిపోయినట్టున్నాడు, మీరిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు కదా, కాస్త గుర్తుచెయ్యొచ్చుగా అన్నాడు. నవ్వాను కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది.

కాల్పులకు ముందురోజు చుట్టుపక్కల పల్లెల్లో చాటింపు వేయాలి. ఆ పని నాకిచ్చారు, మీ భాషే కదా అని. మైకు కట్టిన ఆటోలో ఊరూరా తిరిగాను. రేపు పొద్దున నుంచి సాయంత్రం దాకా కొండ వెనక్కి ఎవ్వరూ రాకూడదు, జీవాలను తోలకూడదు, దారి మొదట్లో ఎర్రజెండా ఉంటుంది, అది ప్రాణాలకు గుర్తు అని చెప్పాను. ఆదివారం వాక్యం చెప్పే గొంతుతోనే చెప్పాను. పిల్లలు ఆటో వెంట పరుగెత్తారు. నాకు సంతోషంగానే ఉండింది.

చివరి పల్లెలో ఒక పెద్దాయన ఆటో ఆపాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఊళ్లో సగం ఇళ్ల గొర్రెలను ఆయన ఒక్కడే మేపుతాడని పక్కనున్నవాళ్లు చెప్పారు. ఎవరి గొర్రె ఏదో చెవి చూడకుండా, గుర్తు చూడకుండా నడకను బట్టి చెప్పేస్తాడట. ఆయన బాధ ఒక్కటే. చుట్టూ ఎక్కడా నీళ్లు లేవు. కొండ వెనక ఒక్క కుంటలో మాత్రం ఇంకా కొంచెం తడి ఉంది.

“దినమంతా నీళ్లు లేకుంటే జీవాలు నిలబడవప్పా. నడుమన యాడన్నా ఒక గంట ఇడిస్తారా?”

నాకు వచ్చిన ఆర్డర్ స్పష్టంగా ఉంది. కొండ వెనక జెండాలు ఆఖరి బండి వెళ్లేదాకా దించకూడదు. కానీ ఆయన ముఖం చూసి, “గుడ్డ ఉన్నంతసేపూ రావద్దు మామా. గుడ్డ దించిందంటే వచ్చేయొచ్చు” అన్నాను. సాయంత్రం దించుతాం కదా, అప్పుడు రమ్మని నా ఉద్దేశం. కానీ సాయంత్రం అని నేను అనలేదు. ఆయన ఆ మాటను రెండుసార్లు తిరిగి చెప్పి గుర్తుపెట్టుకున్నాడు. ఆ మాట నాది, ఆర్డర్‌లో లేదు.

మరుసటి రోజు శుక్రవారం. చీకటితోనే లేచి, రైఫిళ్లు తీసుకుని, తూటాలు లెక్కపెట్టించుకుని రేంజికి నడిచాం. ఎండ రాకముందే మొదటి జట్టును పడుకోబెట్టారు. ఆ జట్టులో నేనున్నాను. మోచేతుల కింద ఇసుక బస్తా, చెంపకు రైఫిల్ కర్ర, ఎదురుగా కొండ అడుగున తెల్లటి టార్గెట్లు. మాకు నేర్పే ఉస్తాద్ మా వెనక నడుస్తూ ఊపిరి సగం వదిలి ఆపండి, వేలిని లాగొద్దు, పిండండి అని హిందీలో ఒకే పాట పాడుతున్నాడు. తుపాకిమందు వాసన, చెవుల్లో గీ మనే మోత, మెడ మీద పడి చురుక్కుమనిపించే పక్కవాడి ఖాళీ తూటా గుల్లలు. ఆ పొద్దు నా చెయ్యి వణకలేదు. నా తూటాలన్నీ నడి వలయంలో, అరచెయ్యి కప్పేంత చోటులో పడ్డాయి. ఉస్తాద్ నా టార్గెట్ తెప్పించి మిగతావాళ్లకు చూపించాడు. ప్రార్థన చేసుకునేవాడి గురి ఇలా ఉంటుంది చూడండి అన్నాడు. ఆయన మాట సరదాకే. నేను దాన్ని సరదాగా తీసుకోలేదు. నిజమే కదా అనుకున్నాను.

అప్పట్లో నా మనసంతా హవల్దారు ప్రమోషన్ మీద ఉంది. ఆ టార్గెట్ మా దళం పెద్దసారు కంట్లో పడిందో లేదో అని ఆలోచిస్తూనే కాపలాకు వెళ్లాను.

కాపలా ఎలా ఉండేదో చెప్పాలి. కొండకు ఇవతల కాల్పులు. గురి తప్పినవి, రాయికి తగిలి ఎగిరినవి కొండ దాటి అవతలి మైదానంలో పడతాయి. కుంట ఆ మైదానంలోనే ఉంది. మైదానంలోకి పోయే బాట మొదట్లో, తూటాలు రాని చోట, ఒక బండ మీద జెండా కర్ర పాతి నన్ను నిలబెట్టారు. నేను కాల్చేవాళ్లకు కనపడను. కొండ భుజం మీద శ్రీకాకుళం సిపాయి వైర్‌లెస్ సెట్టుతో ఉన్నాడు. అతనికి కాల్పుల జాగా కనపడుతుంది, నేను ఉన్న బండ సగం మాత్రమే కనపడుతుంది. కాల్పులు ఆపితే చేతులు అడ్డంగా ఊపి చెప్తాడు, మళ్లీ మొదలుపెట్టేముందు విజిల్ ఊదుతాడు.

మధ్యాహ్నం పన్నెండుకు అతను చేతులు ఊపాడు. భోజనాలకు ఒక గంట ఆపుతారు. నాకు భోజనం లేదు. శుక్రవారం ఉపవాసం, పన్నెండు గంటలకు మోకాళ్ల ప్రార్థన. ఎక్కడున్నా తప్పించలేదు. ఇది నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయన కూలికి మడక దున్నుతూ కూడా పన్నెండైతే ఎద్దులను నిలబెట్టి సాలులోనే మోకరించేవాడు. పక్కన మమ్మల్నీ మోకరింపజేసేవాడు. ఆమెన్ అనకముందు కళ్లు తెరిస్తే దేవుడితో మాట్లాడుతూ మాట్లాడుతూ ముఖం తిప్పుకున్నట్టే అని చెప్పేవాడు. చిన్నప్పుడు ఒకసారి పాము అనుకుని కళ్లు తెరిచాను. పాము కాదు, తాడు. వీపు మీద దెబ్బ పడింది.

బండ మీద మోకాలు ఆనించాను. కాలిపోయింది. కిందికి దిగి మట్టిలో చేసుకోవచ్చు. నిలబడి చేసుకోవచ్చు. ఆ రెండూ నాకు తోచలేదు. తోచింది ఒక్కటే: కర్రకు కట్టిన జెండా దళసరి గుడ్డ. గంట వరకు కాల్పులు లేవు. విప్పాను. నాలుగు మడతలు వేసి బండ మీద పరిచాను. దాని మీద మోకరించాను.

మొదట ఈ నేల కోసం ప్రార్థించాను. వాన కోసం. శ్రీకాకుళంవాడి ఎగతాళికి దేవుడే జవాబు చెప్పాలని అడిగాను. తర్వాత ఎప్పుడు మళ్లిందో తెలియదు, ప్రార్థన నా ప్రమోషన్ మీదికి మళ్లింది. అక్కడ చాలాసేపు ఉన్నాను. పెద్దసారు పేరు, నా పక్కన పోటీలో ఉన్నవాళ్ల పేర్లు, అన్నీ దేవుడికి చెప్పాను.

గొర్రెల అరుపు విన్నట్టే ఉంది. మా ఊళ్లో ఏ ప్రార్థనలోనైనా బయట గొర్రెలు అరుస్తూనే ఉంటాయి. అది నాకు ప్రార్థనలో ఉండాల్సిన చప్పుడే అనిపించింది. ఆ తర్వాత విజిల్. అదీ విన్నాను. గంట కాకముందే మొదలుపెడుతున్నట్టున్నారు, ఆమెన్ అని లేద్దాం అనుకున్నాను. లైట్ మెషిన్‌గన్ మొదలైంది. అది కూడా విన్నాను. అయినా మధ్యలో తెంచేయలేకపోయాను. ఒక కీర్తన పాడేంత సేపు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాను. నేను వినలేదని ఎవరైనా నా తరఫున చెప్తే నమ్మకండి. విన్నాను.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి నా బండ పక్కనుంచి గొర్రెల అడుగులు. వాటి దుమ్ము ఇంకా నేలకు దిగలేదు. మంద నన్ను దాటి మైదానంలోకి పోయింది. ముందు ఆ పెద్దాయన, తల మీద గొంగడి, కుంట వైపు నడుస్తున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తాను. ముందు జెండా కట్టాను. రెండు ముళ్లు వేశాను. ఆ తర్వాతే విజిల్ తీశాను, ఆ తర్వాతే పరుగెత్తాను. ఆ జెండా కాల్చేవాళ్లకు కనపడదు, వీపు తిప్పి పోతున్న ఆయనకూ కనపడదు. అది ఎవరి కోసం కట్టానో నాకు తెలుసు.

విజిల్ విని ఆయన వెనక్కి తిరిగాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు, వస్తున్నా అన్నట్టు. అంతలో ఆయన పక్కన రాయి మీద దుమ్ము లేచింది. ఒక గొర్రె పడిపోయింది. ఆయన నిలబడే ఉన్నాడు. మరుక్షణం ఎవరో కూర్చోమన్నట్టు మెల్లగా కూర్చున్నాడు.

నేను వెళ్లేసరికి మోకాలి చిప్ప దగ్గర పంచె నల్లగా తడిసిపోతోంది. గొంగడి కింద ఆయన చుట్టుకున్న తలగుడ్డతోనే గట్టిగా కట్టాను. కొండ మీదివాడు నా అరుపులు విని కాల్పులు ఆపించాడు. ఆయన్ను వీపున వేసుకుని బాట దాకా మోశాను. దారిపొడవునా ఆయన కాలి గురించి అనలేదు. జీవాలను ముందు ఇవతలికి తోలు, నన్ను తర్వాత చూద్దువు అంటూనే ఉన్నాడు.

బండిలో ఎక్కించాక శ్రీకాకుళం సిపాయి కిందికి దిగి వచ్చాడు. ఆ రోజు పాస్టరుగారూ అనలేదు.

“నిజం చెప్పు. జెండా ఉందా, లేదా?”

“ఉంది.”

అతను కర్ర వైపు చూశాడు. జెండా ఊగుతోంది. వెనక్కి తిరిగి కొండెక్కాడు.

మూడో రోజు ఆసుపత్రిలో విచారణ జరిగింది. వచ్చిన అధికారి ఉత్తరాదివాడు, తెలుగు రాదు. నెమ్మదస్తుడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ముందు ఆయనకు పళ్లు ఇప్పించాడు. ఆయన మాటను హిందీలోకి మార్చి చెప్పడానికి నన్నే పిలిచారు. అదే యాస కదా, పైగా ప్రాణం కాపాడినవాడు కదా అని. నేను కాదనొచ్చు. కాపలాలో ఉన్నది నేనే, నేను చెప్పకూడదు అనొచ్చు. అనలేదు.

అధికారి ఒక్క విషయం గట్టిగా అడగమన్నాడు. అప్పుడు జెండా ఉందా లేదా. నేను అడిగాను. పెద్దాయన ఏమాత్రం తడుముకోలేదు.

“గుడ్డ దించినాకే పోయినా సామీ. ఈయప్ప దాన్ని పరుచుకొని మోకాళ్ల మీద కండ్లు మూసుకొని ఉండె. మొక్కుకుంటాండాడు, పిలిస్తే చెడిపోతాదని నేను సద్దు చేయకుండా పోయినా.”

చెప్పి నా వైపు చెయ్యి చూపించాడు. ఆ చూపులో నేరం మోపడం లేదు. నేను అక్కడే ఉన్నానని, నేనే సాక్షినని చూపించడం అది.

అధికారి నా ముఖం చూశాడు, ఏమంటున్నాడని. నేను హిందీలో చెప్పాను: జెండా తనకు కనపడలేదంటున్నాడు సాబ్, నీళ్ల మీద ధ్యాసతో నడిచాడట. మరి నీ వైపు ఎందుకు చూపిస్తున్నాడు అని అడిగాడు. మోసుకొచ్చినందుకు దండం పెడుతున్నాడు అన్నాను. అధికారి రాసుకున్నాడు. చదివి వినిపించాడు, హిందీలోనే. పెద్దాయన తల ఊపి, తాను చెప్పిందే రాశారనుకుని, వేలిముద్ర వేశాడు. వేసి నిజంగానే నాకు దండం పెట్టాడు.

పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞను నేను సండే స్కూల్లో కంఠతా చెప్పి బహుమానం తెచ్చుకున్నవాణ్ని. ఆ రోజు అబద్ధాన్ని నా నోటితో, కానీ ఆయన మాటగా పలికాను. ఆయన వేలితోనే ఆయన మీద సంతకం చేయించాను.

ఆ ఏడాది నాకు ప్రమోషన్ వచ్చింది. తూటాల మధ్యకు పరుగెత్తి పౌరుణ్ని కాపాడినందుకు మెప్పుకోలు కాగితం కూడా ఇచ్చారు. సెలవు మీద ఇంటికి వచ్చిన ఆదివారం పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ప్రార్థనలో ఉండగా దేవుడు నా కళ్లు తెరిపించాడని, చావు నోట్లోకి పోతున్న ఒక గొర్రెల కాపరిని నా చేత లాగించాడని చెప్పాను. సంఘమంతా స్తోత్రం, స్తోత్రం అంది. ఒక ముసలామె ఏడుస్తూ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. మా నాయన అప్పటికి బతికే ఉన్నాడు. ముందు వరుసలో కూర్చుని, కొడుకు ముఖం చూడలేనంత సంతోషంతో నేల చూపులు చూస్తున్నాడు. ఆయన ఆ సంతోషంతోనే పోయాడు. దాన్ని ఆయన దగ్గర్నుంచి ఇప్పుడు వెనక్కి తీసుకోలేను.

తర్వాతి ఏళ్లలో ఆ పెద్దాయన్ను చూడ్డానికి ఒక్కసారి కూడా పోలేదు. గుర్తొచ్చినప్పుడల్లా ఆయన కోసం ప్రార్థన చేశాను. పోకుండా ఉండటానికి ప్రార్థన కంటే గౌరవమైన సాకు ఏముంటుంది.

రిటైరయ్యాక ఒకరోజు అనంతపురంలో పని చూసుకుని బస్సులో వస్తున్నాను. రాప్తాడు దగ్గర ఇద్దరు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. ఒకడు తన సంచి పైన పెట్టి, మళ్లీ దాని కోసమే కింద వెతుకుతున్నాడు. రెండోవాడు నవ్వాడు.

“ఏమప్పా, ఎర్రగుడ్డ కానరాని గొర్రెలాయప్ప మాదిరి అయితివే.”

మొదటివాడికి ఆ సంగతి తెలియదు. అదెవరు అని అడిగాడు. రెండోవాడు మొత్తం చెప్పాడు, నవ్వుతూ. సిపాయిలు ఎర్రజెండా పెడితే కనపడక గొర్రెలను తూటాల కిందికి తోలుకుపోయాడట. కనపడలేదని తానే వేలిముద్ర వేశాడట. మళ్లీ ఊళ్లోకి వచ్చి జెండానే లేదని వాదించాడట. ఎర్రజెండా కనపడనివాడికి తోడేలు కనపడుతుందా అని ఊళ్లో అందరూ తమ గొర్రెలను ఆయన దగ్గర్నుంచి తోలుకుపోయారట. కుంటికాలితోనైనా మేపుతానని ఇంటింటికీ తిరిగాడట. ఒక్కరూ ఇవ్వలేదట.

కాలు పనికిరాకుండా పోయిందని నాకు తెలుసు. కాలు నా లెక్కలో ఎప్పుడూ ఉంది. ఆయన మాట పోయిందని నాకు తెలియదు. నడకను బట్టి గొర్రెను గుర్తుపట్టే మనిషిని నేను గుడ్డివాణ్ని చేశాను.

ఆ ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల, రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె నా ముందుకు వచ్చింది, నేను తీసుకోకుండా పక్కవాళ్లకు అందించాను. ఎవరి మనసునైనా గాయపరిచి ఉంటే అర్పణను అక్కడే వదిలి ముందు వాళ్ల దగ్గరికి పొమ్మని నేను ఎన్నిసార్లు బోధించానో. సోమవారం పొద్దున బస్సెక్కాను.

పెద్దాయన ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలు వంగకుండా ముందుకు చాపి ఉంది. ఎవరప్పా అన్నాడు. “ఆ పొద్దు నిన్ను ఎత్తుకొచ్చిన సిపాయిని మామా” అన్నాను. ఆయన ముఖం విప్పారింది. కోడలిని పిలిచి టీ పెట్టమన్నాడు, నన్ను బతికించిన అన్న వచ్చినాడు అని.  టీ రాకముందే చెప్పేశాను.

“ఆస్పత్రిలో నువ్వు చెప్పింది ఆ సారుకు నేను చెప్పల్యా మామా. గుడ్డ దించిందన్న్యావు, నేను మోకాళ్ల మీద ఉండానన్న్యావు. ఆ రెండూ చెప్పల్యా. నీకు కానరాలేదంట అని చెప్పినా.”

 కోడలు టీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు కింద పెట్టి లోపలికి పోయింది.

“ఆ సారు తప్పు రాసుకున్న్యాడని అనుకుంటి” అన్నాడు చివరికి. “ఇన్నేండ్లూ ఆ సారునే తిట్టుకుంటి. ఊళ్లోవాళ్లు నిన్ను అంటే, ఆయప్ప మొక్కులున్నోడు, అబద్ధమాడడు అని నేనే చెప్తి.”

నేను ఆయన కాళ్లు పట్టుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకు చెప్పేదానికి ఇంత దూరం రావల్లా? నా కండ్లు ఆ పొద్దు బాగుండాయని నాకు తెలీదా. తెలీనోళ్లకు చెప్పుపో.”

ఎవరికని అడిగాను. జీవాలు తోలుకుపోయినవాళ్లకు అన్నాడు. సాయంత్రం అందరూ పాలు పోయడానికి పాలకేంద్రం కాడికి వస్తారని, అంతవరకు ఉండమని చెప్పాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన మంచం మీద, నేను అరుగు మీద. అన్నం పెట్టించాడు. 

సాయంత్రం ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు, నేను వెనక. పాలకేంద్రం ముందు క్యాన్లతో ఇరవై ముప్పై మంది ఉన్నారు.  జెండా విప్పింది నేనని, కింద పరుచుకున్నది నేనని, తర్వాత కట్టింది నేనని, ఆసుపత్రిలో మాట మార్చింది నేనని చెప్పాను. ప్రార్థన చేస్తున్నానని చెప్పేటప్పుడు దాన్ని సాకులా చెప్పకుండా ఉండటానికి జాగ్రత్తపడ్డాను.

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఒకాయన క్యాన్ కింద పెట్టి, “ఇప్పుడు చెప్తే ఏమొస్తాదన్నా? ఇప్పుడు ఆయనకు నిజంగానే కండ్లకు పొర వచ్చినాది. నువ్వు వచ్చింది కూడా గొంతు బట్టి గుర్తుపట్టింటాడు” అన్నాడు. నేను పెద్దాయన వైపు చూశాను. కళ్ల మీద తెల్లటి మసక. మధ్యాహ్నమంతా ఎదురుగా కూర్చుని నేను దాన్ని చూడలేదు.

ఒకామె తన అత్త చనిపోయేదాకా ఆయన్ను గుడ్డోడనే పిలిచేదని మెల్లగా అని, తల తిప్పుకుంది.

పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. “విన్న్యారు కదా” అన్నాడు. “ఆ పొద్దు నాకు కనపడె.” అంతే అన్నాడు. నా వైపు తిరిగి, మీ గుడిలో కూడా చెప్పు అన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. అడిగితే అదీ ఆయన దగ్గర్నుంచి తీసుకోవడమే అవుతుంది.

మా పాస్టరుగారితో ముందుగానే చెప్పాను. ఆయన మంచివారు. పాపం ఒప్పుకోవడం గొప్ప విజయం, దాన్ని సాక్ష్యంగా చెప్పండి, చాలామంది బలపడతారు అన్నారు. సాక్ష్యం కాదయ్యా, పాత సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ఆదివారం నిలబడి, పాలకేంద్రం దగ్గర చెప్పినట్టే చెప్పాను. మధ్యలో వెనక వరుస నుంచి అలవాటుకొద్దీ ఎవరో స్తోత్రం అన్నారు. దయచేసి అనొద్దని అడిగాను.  వాక్యం చెప్పే పని, పెద్దరికం, రెండూ ఆ రోజే వదిలేశాను. వద్దని ఎవరూ బతిమాలలేదు. అది న్యాయమే.

ఇంకొక పని మిగిలి ఉంది. ఆయన వేలిముద్ర ఉన్న ఆ కాగితం ఎక్కడో ఒక ఫైల్లో అలాగే ఉంది. నేను నోటితో ఎంత చెప్పినా, కాగితం మాత్రం ఆయనకు జెండా కనపడలేదనే చెబుతూ ఉంటుంది. జరిగిందంతా రాసి, కింద నా సంతకం పెట్టి, నేను పనిచేసిన చోటికి పంపాను. మెప్పుకోలు కాగితం కూడా అందులోనే పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ పంపాను. పెద్దాయనకు ప్రతి నెలా ఫోన్ చేసి ఇంకా రాలేదు మామా అని చెబుతున్నాను. “ఊ” అంటాడు. ఆయన ఆరోగ్యం బాగాలేదని పోయిన నెల కోడలు చెప్పింది.

చదువుతున్న మీరు ఏ మందిరానికి పోయేవారైనా, ఈ ఒక్క మనవిలో నాతో గొంతు కలపండి. నా కోసం అడగొద్దు. ఇలా అడగండి: ప్రభువా, ఆ పెద్దాయన తన కళ్లతో చూసింది చూసినట్టే చెప్పాడు. ఆ మాట ఆయన భాషలోనే, ఆయన చెప్పినట్టే రాయించు. రాసింది ఆయనకు అర్థమయ్యేలా చదివి వినిపించే మనిషిని పంపు. తన సొంత మాట కింద తన వేలిముద్ర వేసే రోజు, ఆయన బతికుండగానే రానివ్వు. ఆమెన్ అని మీరూ అనండి.